మిషను పాడైందనుకున్నాను

మా ఇంట్లో బీపీ మిషను కొన్నది మా ఆయన కోసం. ఆయనకు 43వ ఏట, 2009లో బీపీ బయటపడింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం టిఫినుకు ముందు ఆయన చేతికి పట్టీ చుట్టడం, వచ్చిన అంకెలు నోటుపుస్తకంలో రాయడం నా పని. అత్తయ్య మా దగ్గరికి వచ్చేశాక ఆ పుస్తకంలో రెండో గడి చేరింది. రాసేది నేను, తేడా వస్తే డాక్టరుకు ఫోను చేసేది నేను, మాత్రలు అయిపోతున్నాయని గుర్తుచేసేదీ నేనే. పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ పట్టీ నా చేతికి చుట్టుకోలేదు.

2023 దసరా సెలవుల్లో మిషనులో బ్యాటరీలు మార్చాను. పనిచేస్తోందో లేదో చూద్దామంటే ఆయన బజారుకి వెళ్లారు, అత్తయ్య పూజలో ఉన్నారు. సరే అని నా చేతికే చుట్టుకుని బటన్ నొక్కాను. 158/96.

"ఇదేంటి, మిషను పాడైపోయింది" అన్నాను పైకే.

బెంగళూరు నుంచి సెలవులకి వచ్చిన మా అమ్మాయి చెయ్యి చాపింది. 104/66. బజారు నుంచి వచ్చాక ఆయనకు చూస్తే 132/84, అంటే మాత్ర వేసుకున్నప్పుడు ఎప్పుడూ వచ్చే అంకే. మళ్లీ నాకు చూసింది. 154/95. "మిషను బాగానే ఉందమ్మా" అంది మా అమ్మాయి. ఆ తర్వాతి మాట అనలేదు గానీ, మొహం చూస్తే తెలుస్తోంది.

అప్పుడు నాకు 51. రాజమండ్రి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నాకు బీపీ ఏమిటి అని నిజంగానే అనుకున్నాను. మా ఇళ్లలో బీపీ అంటే మగవాళ్లకు వచ్చేది. పొట్ట, సిగరెట్, చిటికెలో కోపం ఉన్నవాళ్లకు వచ్చేది. "ఆయనకు బీపీ ఉంది, విసిగించకండి" అని పిల్లలకు చెప్పే ఇల్లు మాది. నేనేమో గొంతు పెంచి మాట్లాడే మనిషిని కాను. కోపం వస్తే బీపీ కాసేపు పెరిగి దిగిపోతుందనీ, జబ్బుగా ఉండే బీపీ మనిషి ఎంత నెమ్మదిగా ఉన్నా లోపల తన పని తాను చేసుకుపోతుందనీ తర్వాత తెలిసింది. నాకు తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఏమీ లేదు. చాలామందికి ఏమీ ఉండదట.

వారం తర్వాత ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్కి వెళ్లాను. మెట్లెక్కి వెళ్లీ వెళ్లగానే ఒక అమ్మాయి నన్ను ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టింది. కాళ్లు నేలకు ఆనడం లేదు. జాకెట్టు చెయ్యి మీదనుంచే పట్టీ చుట్టింది. చెయ్యి గాలిలో వేలాడుతోంది. పట్టీ బిగుస్తుండగానే "ఏ స్కూలండీ మీది? మా తమ్ముడు అక్కడే చదివాడు" అని మొదలుపెట్టింది, నేనూ సమాధానాలు చెబుతున్నాను. 172/104. లోపల కూర్చున్నాయన చీటీ మీద రెండు రకాల మాత్రలు రాసి, "జీవితాంతం వాడాలి" అన్నాడు. నా వైపు ఆయన చూసింది ఒక నిమిషం ఉంటుందేమో.

ఆ చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నాను గానీ మాత్రలు కొనలేదు. అది మంచిదో చెడ్డదో ఆ రోజు నాకు తెలియదు. పద్నాలుగేళ్లు ఇంకొకరికి మాత్రలు అందించిన మనిషిని, నా దాకా వచ్చేసరికి "ఒకసారి మొదలుపెడితే ఇక ఆపలేం" అని అందరిలాగే భయపడ్డాను.

మా స్టాఫ్‌రూమ్‌లో ఇంగ్లీషు మేడమ్ చెబితే మరో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. అక్కడ ముందు బాత్రూమ్‌కి వెళ్లి రమ్మన్నారు. వీపు ఆనించుకునే కుర్చీలో, పాదాలు నేల మీద పెట్టించి, కాలు మీద కాలు వేసుకోకుండా, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమన్నారు. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో. "కాఫీ ఎప్పుడు తాగారు?" అని అడిగారు. అరగంట లోపలైతే ఆగాలట. నా చెయ్యి కొలిచి కొంచెం పెద్ద పట్టీ తీశారు, చిన్న పట్టీ వాడితే లేని బీపీ కనపడుతుందట. రెండు చేతులకూ చూశారు. కుడి చేతికి 152/94, ఎడమకు 148/92. ఎక్కువ వచ్చిన చేతికే ఇకమీదట చూడమన్నారు. మొదటి క్లినిక్‌లో వచ్చిన 172కీ దీనికీ మధ్య 20 ఉంది. అందులో మెట్లు ఎంత, వేలాడిన చెయ్యి ఎంత, మా స్కూలు కబుర్లు ఎంత అని నేను లెక్క వేయబోతే ఆవిడ నవ్వారు. మాట్లాడినందుకే కొంతమందికి 10 దాకా పెరుగుతుందన్నారు.

ఆవిడ మిషనుతో పాటు పాత పద్ధతిలో స్టెతస్కోపు పెట్టి కూడా విన్నారు. పట్టీలో గాలి వదులుతుంటే మొదటి చప్పుడు వినిపించినచోట పై అంకె, చప్పుడు ఆగిపోయినచోట కింది అంకె. 1905లో కొరోట్కోవ్ అనే రష్యన్ సర్జన్ చెప్పిన పద్ధతి అట అది. నాకు ఒకసారి చెవిలో పెట్టి వినిపించారు. నా చేతి రక్తం చప్పుడు నేను వినడం అదే మొదటిసారి. పక్కింట్లో ఎవరో రోట్లో మెల్లగా దంచుతున్నట్టుంది.

తర్వాత ప్రశ్నలు. నెలసరి ఎప్పుడు ఆగిపోయింది? 48లో. అమ్మకు, నాన్నకు బీపీ ఉందా? నాన్నకు ఉండేది, పక్షవాతంతో పోయారు. కాన్పు సమయంలో బీపీ ఏమైనా పెరిగిందా?

ఆ ప్రశ్నకు నేను ఆగిపోయాను.

1998లో మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెలలో నా పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు. సీమంతానికి వేసిన గాజులు మణికట్టు దగ్గర బిగుసుకుపోతే మా అమ్మ సబ్బు రాసి ఒక్కొక్కటీ తీసింది, రానివి పగలగొట్టింది. తలనొప్పి, కళ్లముందు మిణుకుమిణుకుమని మెరుపులు. ఆసుపత్రికి తీసుకెళ్తే "గుర్రపు వాతంలోకి దిగేలా ఉంది" అని అదే రోజు ఆపరేషన్ చేశారు. మా అమ్మాయి 1.9 కిలోలతో పుట్టింది. ఫిట్స్ రాకుండా గట్టెక్కాను. నెలన్నరలో బీపీ మామూలుగా అయిపోయింది. అక్కడితో ఆ కథ ముగిసిందనే అందరం అనుకున్నాం. అమ్మ దాన్ని చాలా ఏళ్లు "మా పిల్ల గండం" అని చెప్పుకునేది, అంతే.

ఆ కథ ముగియలేదు అన్నారు డాక్టరమ్మ. కాన్పులో అలా బీపీ పెరిగిన ఆడవాళ్లకు తర్వాతి జీవితంలో బీపీ, గుండెజబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే బాగా ఎక్కువ, అదీ తొందరగా వస్తుంది, కాబట్టి ఏడాదికోసారైనా చూపించుకుంటూ ఉండాలి. పాతికేళ్లలో నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఇంట్లో మిషను పెట్టుకుని కూడా నేను చూసుకోలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అర్థం కాలేదు, ఇంటికొచ్చి పాత ఫైలు కోసం అటక మీదంతా వెతికాను. దొరకలేదు.

చివరి ప్రశ్న: "నొప్పుల మాత్రలు ఏమైనా వాడుతున్నారా?" మోకాళ్లకు, వారంలో నాలుగైదు రోజులు. మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తారు కదా. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలబెట్టేస్తాయి, బీపీని పెంచుతాయి అని ఆవిడ చెప్పేదాకా వాటిని నేను మందుల్లో లెక్కే వేయలేదు.

వెంటనే మాత్ర రాయలేదు. ఏడు రోజులు ఇంట్లో కొలిచి రమ్మన్నారు. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి. మొదటి రోజువి కొట్టేసి మిగతా వాటి సగటు తీయాలి. నోటుపుస్తకంలో మూడో గడి గీశాను. ఆ నెలలో పదో తరగతికి సాంఖ్యక శాస్త్రం చెబుతున్నాను, సగటు, మధ్యగతం, బాహుళకం. ఇంటికొచ్చి నా మీదే ఆ పాఠం. ఆరు రోజులు, 24 అంకెలు. అన్నిటికంటే ఎక్కువ సోమవారం పొద్దున్న 163/98. అన్నిటికంటే తక్కువ ఆదివారం సాయంత్రం 134/84. సగటు 146/91. ఆసుపత్రిలో 140/90 అయితే బీపీ అంటారు, ఇంట్లో కొలిచినప్పుడు గీత 135/85 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఇంట్లో డాక్టరు ముందు కూర్చున్న టెన్షన్ ఉండదు. ఎలా చూసినా నేను గీత దాటేశాను.

ఆ సగటులు పట్టుకుని వెళ్లిన రోజున పుస్తకం మొత్తం బల్ల మీద పెట్టి, చాలా ఏళ్లుగా బుర్రలో ఉన్న సందేహం అడిగాను. మా ఆయనకు 43లో బయటపడినప్పుడు 150/102. పైదీ ఎక్కువే, కిందిదీ ఎక్కువే. మా అత్తయ్యకు 79 ఏళ్లు, ఆవిడకు ఎప్పుడు చూసినా 164/68, 170/66. పైది కొండెక్కి కూర్చుంటుంది, కిందిది మా అమ్మాయి దానిలా ఉంటుంది. రెండూ బీపీయే అయితే రెండూ కలిసి పెరగాలి కదా?

వయసు, అన్నారు ఆవిడ. గుండె ఒకసారి పిండినప్పుడు రక్తం పెద్ద ధమనిలోకి దూకుతుంది. కుర్రతనంలో ఆ గోడ సాగి ఆ దెబ్బను కొంత తనలో దాచుకుంటుంది. ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకునేలోపు గుండె సేదతీరుతున్నప్పుడు సాగిన గోడ మళ్లీ ముడుచుకుని రక్తాన్ని తోస్తూ ఉంటుంది, కింది అంకెను నిలబెట్టేది అదే. వయసు మీదపడితే ఆ గోడలో సాగే గుణం పోయి బిరుసెక్కుతుంది. డాబా మీద ఎండలో పదేళ్లు పడి ఉన్న మోటారు పైపు గుర్తుకొచ్చింది నాకు, వంచితే విరిగేది. బిరుసు గోడ సాగదు కాబట్టి పైది ఎగిరిపోతుంది, ముడుచుకోదు కాబట్టి కిందిది పడిపోతుంది. అందుకే సాధారణంగా కింది అంకె 50, 55 ఏళ్ల వయసు దాకా పెరుగుతూ వచ్చి ఆ తర్వాత దిగుతుంది, పై అంకె మాత్రం వయసుతో పాటు పైకే పోతుంది. "కింది బీపీ బాగుంది కదా" అని మా అత్తయ్య విషయంలో చాలాసార్లు సంతోషించాను నేను. రెంటికీ మధ్య అంత ఎడం ఉండటం ముసలి ధమనుల గుర్తు అట.

మరి ఆడ, మగ తేడా? నెలసరి ఉన్నన్నాళ్లు ఈస్ట్రోజెన్ అనే హార్మోను రక్తనాళాలను వదులుగా ఉంచడానికి సాయపడుతుంది. అది ఆగాక నాళాలు బిగుస్తాయి, ఒళ్లు నడుం దగ్గర చేరుతుంది, అదే ఉప్పు ఇంతకుముందు కంటే ఎక్కువగా బీపీని పెంచుతుంది. 50 లోపు మగవాళ్లలో బీపీ ఎక్కువ. తర్వాత ఆడవాళ్లు అందుకుంటారు, 60, 65 దాటాక దాటిపోతారు.

ఇది విన్నాక ఊరుకోలేక మర్నాడు మిషను స్టాఫ్‌రూమ్‌కి పట్టుకెళ్లాను. ఇంటర్వెల్ బెల్లుకీ లాంగ్ బెల్లుకీ మధ్య పదకొండు మంది చేతులు. ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోండి అంటే టీచర్లు కూర్చుంటారా? అయినా కూర్చోబెట్టాను. 34 ఏళ్ల తెలుగు మేడమ్‌కి 106/68. ముప్ఫైల్లో ఉన్న ఆడవాళ్లెవరికీ 120 దాటలేదు. అదే వయసు మగవాళ్లు ముగ్గురికీ 130 పైన. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ సోషల్ మేడమ్‌కి 160/88, ఆవిడ కూడా మిషను పాడైందనే అన్నారు. అందరికంటే ఆశ్చర్యం మా పీఈటీ మాస్టారు. 38 ఏళ్లు, సన్నగా రివటలా ఉంటాడు, రోజూ పరిగెడతాడు. 148/98. "నాకా మేడమ్?" అన్నాడు. వాళ్ల అమ్మకూ నాన్నకూ ఇద్దరికీ నలభై లోపే వచ్చిందని తర్వాత చెప్పాడు. ఒక్కసారి కొలిచి ఎవరికీ పేరు పెట్టకూడదు గానీ, సోషల్ మేడమ్‌నీ పీఈటీ మాస్టారినీ డాక్టరు దగ్గరికి వెళ్లమని పోరుపెట్టాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 24 శాతానికి, ఆడవాళ్లలో 21 శాతానికి బీపీ ఉంది. ఎడం ఆ కాస్తే. మా స్టాఫ్‌రూమ్‌లో మాత్రం ఆ రోజుదాకా బీపీ అంటే మాస్టార్ల కబురే.

డాక్టరమ్మ నాకు మూడు నెలల గడువిచ్చారు. ఆ లోపు మాత్ర లేకుండా ఎంత దిగుతుందో చూద్దాం అని.

మొదట ఉప్పు. మేము ఉప్పు తక్కువే తింటాం అని డాక్టరు దగ్గర ధైర్యంగా చెప్పొచ్చాను. లెక్కల టీచరు కదా, కొత్త ఉప్పు ప్యాకెట్ మీద పెన్నుతో తేదీ రాశాను. కిలో ప్యాకెట్, తినేది ముగ్గురం, 24 రోజుల్లో అయిపోయింది. మనిషికి రోజుకు దాదాపు 14 గ్రాములు. కాకరకాయలు పిండడానికీ, ఆకుకూరలు కడగడానికీ పోయింది కొంత తీసేసినా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 5 గ్రాములకు ఎక్కడా దగ్గర్లో లేదు. పైగా ఆవకాయలో, మాగాయలో పడిన కల్లుప్పు ఈ లెక్కలో లేదు. మన దేశంలో సగటే 8 గ్రాములు.

ఎక్కడ పోతోందో వారం రోజులు కనిపెట్టి చూశాను. కూరల్లో కంటే పక్కన తినేవాటిలోనే ఎక్కువ. పెరుగన్నంలో ఉప్పు, అందులో నంజుకోవడానికి చల్లమిరపకాయ, పప్పులోకి వడియాలు, ఇడ్లీలోకి కారప్పొడి, సాయంత్రం ఉప్పు వేసిన మజ్జిగ. పెరుగన్నంలో ఉప్పు మానేశాను, చల్లమిరపకాయల డబ్బా పై అరలోకి ఎక్కించాను. ఆవకాయ పూర్తిగా మానమంటే మా ఇంట్లో బీపీ ఇంకా పెరుగుతుంది, అందుకని ఆదివారం ఒక్క పూట, ఒక్క ముక్క. "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందిట ఉప్పు" అని అత్తయ్య రోజూ వినిపించేవారు. మొదటి రెండు వారాలు పప్పు గడ్డిలా ఉంది, నిజమే. నెల తిరిగేసరికి నాలుక అలవాటు పడింది. ఆ తర్వాత ఒక పెళ్లిభోజనంలో సాంబారు నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయం తాగినట్టుంది. తర్వాతి ప్యాకెట్ 45 రోజులు వచ్చింది. మనిషికి ఏడున్నర గ్రాములన్నమాట. ఐదు చేరలేదు, చేరతామని కూడా నేను అనుకోవడం లేదు.

సైంధవ లవణం వాడమని ఒకరు, గులాబీరంగు హిమాలయన్ ఉప్పు వాడమని ఇంకొకరు సలహా. రెండూ ఉప్పే, సోడియం ఇంచుమించు అంతే. తక్కువ సోడియం అని పొటాషియం కలిపి అమ్మే ఉప్పు మాత్రం వేరు. దానివల్ల బీపీ దిగుతుంది గానీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లూ డాక్టరును అడగకుండా వాడకూడదు. మా ఇంట్లో ఆ మాత్రలు వాడేవాళ్లున్నారు కాబట్టి తేలేదు.

మోకాలి మాత్రలు ఆపేశాను. బదులు తొడ కండరాలకు వ్యాయామం నేర్పారు, కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టడం. రెండు నెలలు నొప్పితోనే ఉన్నాను, అబద్ధం చెప్పను. పొద్దున్నే ఐదున్నరకు గోదావరి గట్టు మీద నడక, పుష్కర ఘాట్ నుంచి కోటిలింగాల వైపు. మా ఆయన్నీ లాక్కెళ్లాను. ఆయన గురక గురించి డాక్టరమ్మకు చెబితే నిద్ర పరీక్ష చేయించమన్నారు, రాత్రి ఊపిరి ఆగి ఆగి వస్తుంటే బీపీ మాత్రలకు లొంగదట. ఆయన ఇప్పటికీ చేయించుకోలేదు.

ఈలోగా హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు ఫోను చేశాడు. 41 ఏళ్లు, అమెరికా వాళ్ల వేళలకు రాత్రి ఉద్యోగం. నా గొడవ విని వాడూ చూపించుకుంటే, ఇరవై నాలుగు గంటలూ చేతికి ఉండే పట్టీ కట్టి పంపారు. అరగంటకోసారి దానంతట అదే బిగుస్తుంది. మామూలుగా నిద్రలో బీపీ పగటి కంటే 10 నుంచి 20 శాతం దిగాలి. వీడికి మెలకువలో 138, నిద్రలో 134. "పట్టీ బిగిసినప్పుడల్లా లేచాను అక్కా, ఇంక దిగేదేంటి" అన్నాడు. అది కొంత నిజం. కానీ నిద్ర వేళలు తారుమారైనవాళ్లకు ఆ దిగుడు పోవడం మామూలేనని వాడి డాక్టరు చెప్పాడు. షిఫ్టు మార్చుకోవడం మాత్రం వాడి చేతిలో లేదు.

జనవరి ఆఖరుకు నేను 68 కిలోల నుంచి 64కు దిగాను. మళ్లీ ఏడు రోజుల సగటు: 138/86. ఎనిమిది పాయింట్లు తగ్గింది, అయినా గీత ఇంకా కిందే ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత చేశాక మాత్ర రాస్తే పరీక్ష తప్పినట్టే కదా అన్నాను. మీరు దించినదాని వల్లే రెండు మాత్రలు పట్టాల్సిన చోట ఒకటి సరిపోతుంది, మిగతాది మీ నాన్నగారు ఇచ్చిందీ, ఆ కాన్పు ఇచ్చిందీ, దానికి నడక చాలదు అన్నారు ఆవిడ.

అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. బీపీ దిగింది. మూడో వారంలో సాయంత్రం స్కూలు నుంచి వచ్చి కాళ్ల పట్టీలు తీస్తే చీలమండల చుట్టూ గాడి పడి ఉంది. వేలితో నొక్కితే గుంట పడుతోంది. 1998 గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇది దానికి సంబంధించింది కాదు, ఈ మాత్ర సన్న రక్తనాళాలను తెరిచేసరికి నీరు పాదాల్లోకి ఊరుతుంది, ఆడవాళ్లలో కొంచెం ఎక్కువ అని చెప్పి, క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించి టెల్మిసార్టన్ 40కి మార్చారు. వాపు పది రోజుల్లో పోయింది. ఏప్రిల్ సగటు 122/76.

మా అత్తయ్య సంగతి మధ్యలో వదిలేశాను. ఆ చలికాలం ఆవిడకు 176/66 చూసి కంగారుపడి, పక్క వీధిలో చూపించి ఇంకో మాత్ర చేర్పించింది నేనే. పుస్తకంలో అంకె అందంగా కనపడాలన్న పిచ్చి. నాలుగో రోజు తెల్లవారుజామున లేచి బాత్రూమ్‌కి వెళ్తూ గుమ్మంలో కూలబడిపోయారు. ఎముక విరగలేదు, అదృష్టం. డాక్టరమ్మ ఆవిడకు కూర్చోబెట్టి చూస్తే 148/66, లేపి నిలబెట్టి ఒక నిమిషం తర్వాత చూస్తే 118/58. నిలబడగానే 20 కంటే ఎక్కువ పడిపోతే తల తిరిగి పడే ప్రమాదం ఉంటుంది, ఆ వయసులో తుంటి విరగడం బీపీ కంటే ముందు ప్రాణం మీదికి తెస్తుంది అన్నారు. చేర్చిన మాత్ర తీసేశారు. ఇప్పుడు అత్తయ్యకు పుస్తకంలో రెండు గడులు, కూర్చున్నప్పుడు ఒకటి, నిలబడ్డప్పుడు ఒకటి. పొద్దున్నే లేచాక రెండు నిమిషాలు మంచం అంచున కూర్చుని, కాళ్లు ఆడించి, అప్పుడే లేస్తారు. "రాముడి పేరు పదిసార్లు అనుకుని లేస్తున్నానే" అంటారు.

మే నెలలో నా వంతు వచ్చింది. రాజమండ్రి ఎండ గురించి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం పొయ్యి దగ్గర కళ్లు తిరిగి గట్టు పట్టుకున్నాను. 102/64. ఎండకు చర్మంలో రక్తనాళాలు తెరుచుకుంటాయి, చెమటతో నీరూ ఉప్పూ పోతాయి, అందుకే వేసవిలో బీపీ దిగుతుంది, చలికాలంలో ఎక్కుతుంది. ఫోను చేస్తే మాత్ర 20కి తగ్గించి, వానలు పడ్డాక మళ్లీ రమ్మన్నారు. నా అంతట నేను మానేయలేదు, మానేద్దామని మాత్రం రెండు రోజులు అనుకున్నాను. అక్టోబరులో మళ్లీ 40.

నవంబరులో మా అమ్మాయి నెల తప్పిందని తెలిసింది. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లేముందే ఫోను చేసి, నువ్వు నా కడుపున ఉన్నప్పుడు నాకు ఏమైందో అక్కడ చెప్పు, మర్చిపోకు అన్నాను. చెప్పింది. తొలి కాన్పు, పైగా తల్లికి కాన్పులో బీపీ వచ్చింది అని ఫైలు మొదటి పేజీలోనే రాసుకున్నారట. పన్నెండో వారం నుంచి రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టారు. నాకు దొరకని పాత ఫైలులో ఉండాల్సిన ఒక్క వాక్యం ఇప్పుడు దాని ఫైలులో ఉంది.

సంక్రాంతికి ఐదో నెలతో వచ్చింది. భోగి రోజు సాయంత్రం కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు కింద ఆనించి, పట్టీ చుట్టి, పుస్తకంలో ఇంకో గడి గీస్తూ బెంగళూరులో చలి ఎలా ఉంది, కాళ్లు వాస్తున్నాయా, అల్లుడు గారికి వంట వచ్చిందా అని అడుగుతూనే ఉన్నాను.

"నువ్వు మాట్లాడకమ్మా" అంది కళ్లు మూసుకుని. "నాతో మాట్లాడిస్తే పది పెరుగుతుందని నువ్వేగా చెప్పావు."

112/70.